తీగ కింద చెట్టు: కొండగట్టు పరిసరాల్లో విద్యుత్ లైన్లు, మొక్కల ఎంపిక – ఒక వివరణ

వ్యాససంగ్రహం:
రహదారుల వెంట నాటిన మొక్కలు పెరిగి విద్యుత్ తీగలను తాకడం, వాటి తలలను ఏటా నరికివేయడం ఉత్తర తెలంగాణలో తరచు కనిపించే దృశ్యం. తీగ కింద మొక్క ఎంత ఎత్తు పెరగవచ్చునో నిబంధనల ఆధారంగా లెక్కగట్టడం, చట్టంలోని ‘చెట్టు’కూ తెలుగు వాడుకలోని చెట్టుకూ ఉన్న తేడాను వివరించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

కీలకపదాలు: కొండగట్టు, హరితహారం, విద్యుత్ లైన్లు, విద్యుత్ చట్టం, కొమ్మల కత్తిరింపు.

1. ప్రవేశిక:
కొండగట్టు జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో, కరీంనగర్–జగిత్యాల రహదారికి చేరువలో ఉన్న పుణ్యక్షేత్రం. అంజన్న కొలువైన గుట్ట చుట్టూ అడవి, దిగువన మామిడితోటలు, రహదారి వెంట చెట్ల వరుసలు, వాటి మీదుగా సాగే విద్యుత్ తీగలు ఇక్కడ ఒకచోట కలుస్తాయి. 3 జులై 2015న మొదలైన ‘తెలంగాణకు హరితహారం’ రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని సంకల్పించింది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతాన్ని బతికించే బాధ్యతను గ్రామపంచాయతీలపై ఉంచింది. అయితే బతికిన మొక్క పదేళ్ల తర్వాత ఎంత ఎత్తుంటుంది, దాని నెత్తిన ఏముంది అన్న ప్రశ్నను ఈ శాతం లెక్క అడగదు.

2. తీగ కింది ఎత్తు – ఒక లెక్క:
వీధి వెంట సాగే 11 కేవీ లైనులో తీగ నేలకు కనీసం 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అటవీభూముల్లో వేసే లైన్లకు కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 11 కేవీ తీగకూ చెట్టుకూ నడుమ కనీస ఎడం 2.6 మీటర్లు. రోడ్డుపక్క మొక్కకూ ఇదే ఎడాన్ని కొలతగా తీసుకుంటే మిగిలేది 3.2 మీటర్లు, అంటే దాదాపు పదిన్నర అడుగులు. వేప 15 మీటర్లు దాటుతుంది. రావి, మర్రి, చింత 20 మీటర్ల వరకూ పెరుగుతాయి. తీగ కింద వీటిని నాటిన రోజే వాటి నరికివేత కూడా నిర్ణయమైపోయిందని గ్రహించాలి.

3. కొమ్మ తగిలితే:
ఎండకూ లోడుకూ లోహం వేడెక్కి సాగడం వల్ల వేసవిలో తీగ మరింత కిందికి వేలాడుతుంది. మామిడి కోతల కాలంలో వీచే ఈదురుగాలులు కొమ్మలను దానిపైకి తోస్తాయి. పచ్చికొమ్మలోని నీరు, లవణాలు విద్యుత్తుకు దారినిస్తాయి. చెట్టు గుండా నేలకు చేరే ప్రవాహం స్వల్పమైతే సబ్‌స్టేషన్‌లోని బ్రేకర్ దానిని గుర్తించకపోవచ్చు. అప్పుడు సరఫరా ఆగదు, చెట్టుకూ కరెంటు ఉంటుంది. మేకలకు మండలు నరకడానికి చెట్టెక్కిన కాపరికి, ఇనుప దోటితో కాయలు కోసే కూలికి ఆ సంగతి తెలియదు. ప్రాణనష్టానికి మూలం ఇక్కడే ఉంది.

పెద్ద లైన్ల విషయంలో ఇదే తాకిడి ఎంత దూరం పోగలదో 14 ఆగస్టు 2003 నాటి ఉత్తర అమెరికా ఘటన చూపింది. ఒహాయో రాష్ట్రంలో 345 కేవీ తీగలు సాగి, సకాలంలో కత్తిరించని చెట్లను తాకాయి. ఆ లైన్లు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ కావడం, నియంత్రణ కేంద్రంలోని లోపాలు కలిసి దాదాపు 5 కోట్లమందిని చీకట్లో ఉంచాయి.

4. చట్టంలో చెట్టు:
విద్యుత్ చట్టం–2003లోని 68వ సెక్షన్ ప్రకారం, లైనుకు ఆటంకం కలిగించే లేదా కలిగించగల చెట్టును తొలగించమని లైసెన్సుదారు దరఖాస్తు చేస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ లేదా నిర్దేశిత అధికారి ఆదేశించవచ్చు. ఆ చెట్టు లైను కంటే ముందునుంచీ ఉన్నదైతే దాని హక్కుదారుకు తగిన పరిహారం నిర్ణయించాలి. కాబట్టి చెట్టు ముందా, తీగ ముందా అన్నది రైతుకు విలువైన ప్రశ్న. తోట వయసును చూపే పత్రాలను, ఫొటోలను భద్రపరచుకోవడం మేలు.

ఈ సెక్షన్ ‘చెట్టు’ను నిర్వచించిన తీరు భాషాదృష్టితోనూ గమనించదగింది. పొద, కంచెమొక్క, అడవిపెరుగుదల, ఇతర మొక్కలు అన్నీ ఇందులో చెట్టుగానే పరిగణించబడతాయి. తెలుగులో ‘తీగ’ లతకూ లోహతంతువుకూ ఒకే మాట. విద్యుత్ స్తంభానికి అల్లుకున్న తిప్పతీగ కూడా చట్టం దృష్టిలో చెట్టే. తొలగింపుకు ఇంత విశాలమైన నిర్వచనం అవసరమే. నాటే వేళ మాత్రం చెట్టు, మొక్క, పొద, తీగ అన్న మన విభజనే ఉపయోగపడుతుంది.

5. ఎంపిక, కత్తిరింపు:
తీగ కింద నందివర్ధనం, మందార, గోరింట, దానిమ్మ వంటివి తగినవి. ఏటా కత్తిరిస్తే ఇవి 3 మీటర్లలోపు అదుపులో ఉంటాయి. వేప, రావి, చింతలకు లైను లేని వైపు, బడి ఆవరణ, చెరువుకట్ట దిగువ నేలలు అనువైనవి.

ఇప్పటికే పెరిగిన చెట్టును నడినెత్తిన నరికితే మోటుపై బలహీనమైన చిగుళ్లు గుంపుగా లేచి, త్వరలోనే తిరిగి తీగను అందుకుంటాయి. తీగవైపు సాగే కొమ్మను మాత్రమే, అది మాను నుంచి చీలే చోట ఉబ్బెత్తు వలయానికి వెలుపల కోయాలి. అప్పుడు గాయం మానుతుంది, పెరుగుదల మరో దిక్కుకు మళ్లుతుంది. తీగ దగ్గరి కోత రైతు సొంతంగా చేయవలసిన పని కాదు. 1912 నంబరుకు తెలిపితే, లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని, సరఫరా నిలిచిందని నిర్ధారించుకున్నాకే ఆ పని సాగాలి.

6. ముగింపు:
నర్సరీలలో ప్రతి మొక్క పేరు పక్కన దాని పూర్తి ఎత్తును తెలుగులో రాయడం ఖర్చులేని సంస్కరణ. గుంత తీసేముందు తలెత్తి చూసే అలవాటు దానికి తోడైతే లైన్‌మన్ ప్రాణానికీ చెట్టు ఆయుష్షుకూ రక్షణ దొరుకుతుంది. నాటిన మొక్కల సంఖ్యతోపాటు నరకకుండా మిగిలిన చెట్ల సంఖ్యనూ లెక్కించినప్పుడే హరితహారం ఫలితం సరిగా తెలుస్తుంది.