‘దిద్దుబాటు’లో కమలిని పాత్రచిత్రణము

ప్రబంధకవులు నాయికను ఆపాదమస్తకము వర్ణించి యామెను పాఠకునకు పరిచయము చేసిరి. కథకునకు అంతటి తీరిక లేదు. కొలది పుటలలోనే మనిషిని నిలువబెట్టవలెను. 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ ఇందుకు మంచి నిదర్శనము. తెలుగున తొలి కథ యిదియా, అంతకుముందు వెలువడిన భండారు అచ్చమాంబ కథయా యను వివాదముతో మనకిచ్చట పని లేదు.

ఈ కథలో కమలిని కడపటి వరకు కనబడదు. సాని పాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన గోపాలరావునకు భార్య లేని గదియు, బల్లమీద నొక జాబును మాత్రమే లభించును. ఇంత మాత్రముచేత నామెను పాత్ర యనరాదనియు, కథ నడపుటకు కల్పించిన పనిముట్టు మాత్రమే యనియు ఆక్షేపింపవచ్చును. ఈ యాక్షేపణ నాకు సమ్మతము కాదు.

కమలిని గుణములను వ్రాయుమన్నచో విద్యార్థులు సామాన్యముగా భర్త చేసిన ప్రశంసలనే యెత్తి వ్రాయుదురు. అవి రచయిత మాటలు కావు. తప్పు చేసి దొరకిన మగని మాటలు. సానిపాటనుండి వచ్చి, అర్ధరాత్రమున సేవకుడైన రామునికి స్త్రీవిద్యా ప్రాశస్త్యమును ఉపన్యసించువాని సాక్ష్యమును ఉన్నదున్నట్లు గ్రహింపరాదు గదా! ఆ పొగడ్తలవలన మనకు తెలియునది గోపాలరావే.

కమలినిని తెలిసికొనుటకు జాబే ప్రధానాధారము. కథ వ్యావహారికమున నడచుచుండగా జాబు గ్రాంథికమున నున్నది. ప్రియసంబోధన తొలగి, పరాయివారికి వ్రాయునప్పటి మర్యాదాపదము వచ్చినది. ఆ యొక్క మార్పునకే భర్త కలవరపడును. ఆమె యెచ్చటను దూషింపదు. సభల నెపమున పది దినములుగా రాత్రులు ఇల్లు విడిచిన భర్త అసత్యమాడుటకు తానింట నుండుటయే కారణమనియు, తాను తొలగినచో ఆయనకు ఆ యవసరముండదనియు వినయముగా వ్రాయును. ఆ వినయము నిందకంటె పదునైనది. ఇట్లు వ్రాయగల స్త్రీ తెలివిని గూర్చి రచయిత వేరొక విశేషణము చేర్చ నక్కరలేకపోయినది.

మంచము క్రిందనుండి నవ్వు వినబడిన పిమ్మట కథను మరల చదువవలెను. అప్పుడు ప్రతి సంభాషణకును ఆమె శ్రోత యగును. తాను చెప్పబోవు రాయబారమును రాముడు వల్లించుటయు ఆమె విన్నదే: ఆడువారు యజమాని మాట విని ఊరకుండవలెను, లేనిచో ఆయన సానిని ఉంచును! గోపాలరావు అలంకారోక్తుల చాటున దాచుకొన్న విషయమును రాముడు తన యాసలో బయలుపరచును. అది విన్నవెంటనే కమలిని నవ్వినది. ఆ నవ్వులో క్షమ యెంత, గెలుపెంత, ఆ పది రాత్రుల వేదన యెంత యనునది రచయిత తేల్చలేదు.