బీరువాలోని డిస్కులు: ఇంటి అమానతును ఇంట్లోనే భద్రపరచుకుందాం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఉన్న కాలం నుంచీ అక్కడి ఎన్నో కుటుంబాలకు గల్ఫ్ దేశాలతో సంబంధం ఉంది. దుబాయిలోనో, సౌదీలోనో పనిచేస్తున్న తండ్రికి, అన్నకు, భర్తకు సెలవు దొరకకపోతే ఇక్కడ శుభకార్యం ఆగేది కాదు. నికాహ్ జరిగిపోయేది. దాని వీడియో మాత్రం ప్రయాణమై పోయే మనిషి చేతికి ఇచ్చి పంపేవారు. అప్పట్లో వాట్సాప్ లేదు, వీడియో కాల్ లేదు.

అందుకే ఈ ఇళ్ళలోని పెళ్ళి వీడియోలకు ఒక ప్రత్యేకత ఉంది. అవి వచ్చిన బంధువుల కోసం తీసినవి కావు, రాలేకపోయిన ఒక్క మనిషి కోసం తీసినవి. కెమెరా ముందుకు వచ్చి దాదీ సలాం చెబుతుంది, దువా చేస్తుంది. చిన్న పిల్లవాడు “అబ్బా, ఎప్పుడొస్తావు?” అని అడుగుతాడు. పందిరి, దేగులు, మేళం కన్నా ఆ రెండు మాటలే ఆ వీడియోకు ప్రాణం. ఆ దాదీలలో చాలామంది నేడు మన మధ్య లేరు. వారి కంఠస్వరం మిగిలి ఉన్న ఏకైక చోటు బీరువా అడుగున, నికాహ్‌నామా ఉన్న సంచి పక్కన పడి ఉన్న ఆ డిస్కే కావచ్చు.

ఫోటో వెలిసిపోతే కళ్ళకు కనిపిస్తుంది. డిస్కు సంగతి అలా కాదు. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల పాడైపోతుంది. సినిమా కంపెనీలు అమ్మే డిస్కులు అచ్చు పోసినవి. స్టూడియో వారు మనకిచ్చినవి ఒక పలుచని రసాయన రంగు పొర మీద లేజరుతో రాసినవి. వేడికి, వెలుతురుకు ఆ పొర చెడిపోతుంది. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే జగిత్యాల ప్రాంతంలో రేకుల గదిలోని అటక మీద డిస్కులు పెట్టడమంటే వాటిని పొయ్యి పక్కన పెట్టినట్టే. సిరిసిల్లలో మరమగ్గాల నూలు ధూళి అదనం. సీడీ విషయంలో మరొక ప్రమాదం ఉంది. సమాచారం ఉండే పొర పేరు రాసే వైపు లక్క పూతకు సరిగ్గా కిందనే ఉంటుంది. కింది వైపు గీత పడితే కొంత నయం, పై వైపు బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే సమాచారమే చెరిగిపోవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ప్రచురించిన మార్గదర్శిని కూడా ఇలాంటి జాగ్రత్తలే చెబుతుంది: డిస్కును అంచులు పట్టి ఎత్తాలి, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు, నిలువుగా నిలబెట్టి దాచాలి.

ఇక ప్లేయరు సంగతి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే అరే ఉండటం లేదు. యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవు సాధారణంగా రెండు వేల రూపాయలలోపే దొరుకుతుంది. ఆ కాస్త ఖర్చు ఎందుకు, డిస్కులన్నీ సంచిలో వేసి దుకాణంలో ఇచ్చేస్తే పోలేదా అని అనిపించవచ్చు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ డిస్కులలో జనానా వైపు తీసిన దృశ్యాలున్నాయి. పెళ్ళికూతురి ముస్తాబు ఉంది, ఇంటి ఆడపడుచుల నవ్వులున్నాయి. ఆనాడు వారు కెమెరాకు ఒప్పుకున్నది ఇంటివాళ్ళు చూస్తారన్న నమ్మకంతోనే. దుకాణంలో ప్రతి తీసినప్పుడు ఒక నకలు అక్కడి కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. దాన్ని ఎవరు, ఎప్పుడు తుడిచేస్తారో మనకు తెలియదు. అమానతును హక్కుదారులకే అప్పగించమని నిసా సూరా 58వ ఆయతు ఆదేశిస్తుంది. అనుమతి లేకుండా ఇతరుల ఇళ్ళలోకి ప్రవేశించవద్దని నూర్ సూరా 27వ ఆయతు చెబుతుంది. వీడియో కూడా ఒక విధంగా ఇంటి లోపలి గదే. కాబట్టి ఈ పని ఇంటి పిల్లలే, ఇంట్లోనే చేయడం మేలని మా అభిప్రాయం. తప్పనిసరై బయట ఇవ్వవలసి వస్తే తెలిసినవారి దగ్గర, ఎదుట కూర్చుని చేయించుకోవాలి.

పని ఎలా సాగాలి?

ముందుగా ఉన్నదున్నట్టు నకలు తీయాలి. అందంగా మార్చడం తరువాతి మాట. వీసీడీని కంప్యూటర్‌లో తెరిస్తే ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డరులో డాట్ ఫైలు కనిపిస్తుంది. వీడియో అదే. 1993లో వచ్చిన ఈ పద్ధతిలో ఒక డిస్కులో 74 నిమిషాలే పట్టేవి. అందుకే ఒక్క పెళ్ళికి రెండు మూడు డిస్కులుంటాయి. అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. డీవీడీలో వీడియో టీఎస్ అనే ఫోల్డరు ఉంటుంది. దానిలో ఒక్క ఫైలు కాదు, ఫోల్డరు మొత్తం తీసుకోవాలి.

గీతలు పడిన వీసీడీలు మధ్యలో మొరాయిస్తాయి. మామూలు ఫైళ్ళకు ఉండే అదనపు దోష సవరణ ఏర్పాటు వీసీడీ వీడియోకు లేకపోవడమే దీనికి కారణం. ఒక డ్రైవు చదవని డిస్కును మరొకటి చదవవచ్చు. బంధువుల ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే అందులో పెట్టి చూడండి. మొండి డీవీడీల కోసం డీడీ రెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది చదవగలిగినంత ముందు చదివి, చెడిన చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. ఒక్కో డిస్కుకు రాత్రంతా పట్టినా ఓపిక పట్టవలసిందే.

నకలు భద్రమయ్యాక హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో టీవీకి అనువైన ఎంపీ4గా మార్చుకోవచ్చు. డీవీడీ వీడియోలో ప్రతి చిత్రం సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలై ఉంటుంది. కొత్త టీవీలో కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తే, అందులోని డీఇంటర్‌లేస్ సౌకర్యాన్ని వాడాలి. అంతకుమించి మెరుగులు దిద్దబోకండి. వీసీడీ చిత్రం 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే. హెచ్‌డీ చేస్తామనే యాప్‌లు లేని వివరాలను ఊహించి పూరిస్తాయి. దాదీ ముఖం నున్నగా అవుతుంది గాని, అది దాదీ ముఖం కాకుండా పోతుంది. మిక్సింగ్‌లో స్టూడియో వారు కలిపిన సినిమా పాటలు వినడానికి మనకు ఇబ్బందిగానే ఉంటాయి. అయినా అసలు ప్రతిలో శబ్దాన్ని తీసివేయవద్దు. ఆ పాట కిందే ఎవరిదో సలాం ఉండవచ్చు. చూసేటప్పుడు అక్కడ శబ్దం తగ్గించుకుంటే చాలు.

టీవీకి తగిలించే ఆండ్రాయిడ్ పెట్టెలకు చాలావరకు పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు ఉంటుంది. వీఎల్‌సీ యాప్ వేసుకుని నేరుగా చూడవచ్చు. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ మించిన ఫైలును తీసుకోదు. పెద్ద ఫైలు ఎక్కకపోతే లోపం వీడియోలో ఉందని కంగారుపడవద్దు. స్టిక్ రకం పరికరాలకు మామూలు యూఎస్‌బీ రంధ్రం ఉండదు. కంప్యూటర్‌లో జెల్లీఫిన్ వంటి ఉచిత సర్వర్ పెట్టి ఇంటి వైఫై ద్వారా పంపాలి. ఇంట్లోని కంప్యూటర్ నుంచి ఇంట్లోని టీవీకే వెళ్తుంది కనుక వీడియో బయటికి పోదు. యూట్యూబ్‌లో పెట్టడం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ “అన్‌లిస్టెడ్” అంటే గోప్యం కాదు. లింకు చేతికి చిక్కిన ప్రతివారూ చూడగలరు. కుటుంబ గ్రూపులో వేసేముందు కూడా, అందులో కనిపించే ఆడబిడ్డ నేడు మరో ఇంటి కోడలని గుర్తుంచుకుని, ఆమెను అడగాలి.

పెద్దవాళ్ళు ఉన్నప్పుడే వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి వీడియో చూడండి. “ఆ ఎర్ర షాలువా ఆవిడ ఎవరు? ఈయన ఎవరి తరఫు?” అని అడిగి, నిమిషంతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఫైలుకు సంవత్సరం, ఊరు, సందర్భం పేరుగా పెట్టండి. ఒక ప్రతి సిరిసిల్లలో మీ దగ్గర ఉంటే, మరొకటి కోరుట్లలోని కూతురి ఇంట్లో ఉంచండి. నకలు పూర్తిగా ఆడుతోందని చూసుకున్న తరువాత కూడా డిస్కులను దాచడమే మంచిది. బొత్తిగా చెడిపోయినవి పారవేయదలచుకుంటే కత్తెరతో ముక్కలు చేసి పారవేయండి.