అమరనాథ్ వెళ్తున్నారా?

గుహ దాకా వెళ్ళని దానివి, నువ్వు మాకేం చెప్తావమ్మా అంటారేమో. నిజమే, 2023 జూలైలో మేం శేష్‌నాగ్ నుంచే వెనక్కి తిరిగాం. అందుకే నా మాట కాస్త వినమంటున్నాను.

మేం నలుగురం. మా వారు, నేను, పెద్దన్నయ్య, వదిన. నాలుగు నెలల ముందు నుంచే తయారయ్యామండీ. రోజూ పొద్దున్నే గంట నడక. ఆదివారాలు వీపు సంచీలో అయిదు కిలోల బియ్యం వేసుకుని మేడమెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగడం. (మా పనమ్మాయి నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది!) మధ్యలో అలిపిరి 3,550 మెట్లూ ఎక్కొచ్చాం. అందరికంటే ముందు వదినే పైకి చేరింది. ఇంకేం, ఢోకా లేదనుకున్నాం.

అక్కడే పొరబడ్డాం. మెట్లెక్కితే కాళ్ళకు బలం వస్తుంది గానీ పలచటి గాలి అలవాటు కాదు. తిరుమల కొండ సుమారు 3,000 అడుగులు. అమరనాథ్ గుహ ఉన్నది 12,756 అడుగుల ఎత్తులో. పహల్గాం దారిన వెళ్తే మధ్యలో మహాగునస్ కనుమ దగ్గర 14,000 అడుగుల దాకా ఎక్కాలి. మన కుక్కర్లో ఒత్తిడి పెరిగి పప్పు తొందరగా ఉడుకుతుంది కదా, అక్కడ సరిగ్గా దానికి తిరగబడ్డ లెక్క. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గుహ ఎత్తులో నీళ్ళు 87 డిగ్రీలకే మరిగిపోతాయి. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా మన ఊళ్ళో అందేదానిలో మూడింట రెండు వంతులకు లోపే. ఎంత గట్టి మనిషికైనా ఇంతే.

దీనికి మందు, నిదానంగా ఎక్కడం. మేమేమో రాత్రి పహల్గాం చేరి, తెల్లారేసరికి చందన్‌వాడీలో నడక మొదలెట్టాం. పహల్గాం 7,200 అడుగులు, శేష్‌నాగ్ సుమారు 11,700. ఒక్కరోజులో అంత ఎత్తు! పహల్గాంలో ఇంకో రెండు రాత్రులు ఆగి, పగలు చుట్టుపక్కల కొండలు ఎక్కి దిగి ఉంటే ఒంటికి కొంత అలవాటయ్యేది. సెలవులు చాలవని మేమే తొందరపడ్డాం. బాల్టాల్ దారి 14 కిలోమీటర్లే కదా అని అటు వెళ్ళేవాళ్ళకు ఇంకా తొందర, ఆ దారి మరీ నిటారు.

ఆ రాత్రి డేరాలో వదిన అన్నం ముట్టలేదు. “బడలిక, అంతే” అంది. తెల్లారి లేస్తే వాంతి, నాలుగడుగులు వేస్తే తూలుడు. సాయంత్రం నుంచీ తల పగిలిపోతోందట! “నా ఒక్కదాని వల్ల అందరి దర్శనం ఎందుకు పాడవ్వాలి” అని దాచింది. ఇంట్లో జ్వరం వచ్చినా చెప్పకుండా వంట చేసే మనిషి, కొండ మీదా అదే చేసింది. వైద్య శిబిరంలో డాక్టరుగారు ఆక్సిజన్ పెట్టించి, ఒక్క మెట్టు కూడా పైకి వద్దు, వెంటనే దింపేయండి అన్నారు. తూలుడు మొదలైందంటే మెదడు దాకా వచ్చినట్టేనట. డోలీలో దింపాం. కిందికి వచ్చేకొద్దీ వదిన తేరుకుంది. మా వారు మాత్రం రెండ్రోజులు ముభావంగా ఉన్నారు, దాచేదేముంది.

కాబట్టి తలనొప్పి, వికారం ఉంటే ఆ పూట పైకి కదలొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు పట్టుకుంటే క్షణం ఆలోచించకుండా దిగిపోవాలి. ఎత్తు పడడానికి మాత్రలున్నాయి గానీ డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. అందులో బీపీ, ఆస్తమా దాచకండి. ఆరు వారాలు దాటిన గర్భిణులను వెళ్ళనివ్వరు. చీరలు వద్దు, సల్వార్ కమీజో ప్యాంటో మేలు. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుని వణికిస్తుంది. ఉన్ని బట్టలు, రెయిన్‌కోటు, చేతికర్ర ఉండాలి. బూట్లు నెల ముందే కొని తొడిగి అరగదీయండి. కాలిగోళ్ళు కత్తిరించుకోండి, దిగేటప్పుడు బూటు ముందుకు కొట్టుకుంటుంది. ఇంకో మాట, అక్కడి లంగర్లలో పూరీ, దోసె, ఊరగాయలకు అనుమతి లేదు. ఊరగాయ లేకుండా ఎలాగని నేను బెంగపడ్డాను గానీ అక్కడ నాలుకకు ఏ రుచీ తెలియలేదు. ఆకలి లేకపోయినా కొంచెం కొంచెం తినాలి, నీళ్ళు బాగా తాగాలి.

మళ్ళీ వెళ్దామంటోంది వదిన. పహల్గాంలో రెండు రోజులు ఎక్కువ ఉండేలా చూసుకుందాం అన్నాను. తలనొప్పి వస్తే ముందు నాకే చెప్పాలని ఒట్టు కూడా వేయించుకున్నాను. ఒట్టు వేస్తూ నా ముఖంలోకి చూసి, “మరి నువ్వో?” అంది.