టార్చికి మన బంధువుల నంబర్లతో పనేమిటి? ఇంటికి పనికొచ్చే ఓపెన్ సోర్స్ యాప్‌లు

కరెంటు పోయిందని టార్చి యాప్ ఒకటి వేసుకుంటాం. అది కాంటాక్టులు చూస్తానంటుంది, లొకేషన్ అడుగుతుంది. తొందరలో ‘అలౌ’ నొక్కేస్తాం. దీపం వెలిగించడానికి మన బంధువుల నంబర్లెందుకని ఆగి ఆలోచించేవాళ్లం తక్కువ.

హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా మన ఇళ్లలో చాలాచోట్ల ఫోను ఒక్కరిది కాదు. పగలు అమ్మమ్మ చేతిలో, సాయంత్రం పిల్లల చేతిలో ఉంటుంది. బ్యాంకు మెసేజులూ దానికే వస్తాయి. అందుకే అందులో ఏ యాప్ వేస్తున్నామో చూసుకోవాలి.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి?

యాప్‌ను నడిపించే కోడ్‌ను అందరూ చూసేలా బయట పెడితే అది ఓపెన్ సోర్స్. తెలిసినవాళ్లు దాన్ని చదవచ్చు, తప్పులు పట్టవచ్చు, మార్చి కొత్తగా విడుదల చేయవచ్చు. అంతమాత్రాన ప్రతి యాప్ మంచిదని కాదు. చాటుగా ఏదైనా చేస్తే దొరికిపోయే అవకాశం ఎక్కువని అర్థం.

ఒక ఉదాహరణ. గ్యాలరీ, క్యాలెండర్, ఫైల్ మేనేజర్ లాంటి చిన్న యాప్‌లతో ‘సింపుల్ మొబైల్ టూల్స్’ చాలామందికి నచ్చింది. 2023 చివర్లో దాన్ని వేరే కంపెనీకి అమ్మేశారు. కానీ కోడ్ బయటే ఉంది కాబట్టి, అందులో పనిచేసినవాళ్లే దాన్ని ‘ఫాసిఫై’ అనే కొత్త పేరుతో ప్రకటనలు లేకుండా కొనసాగిస్తున్నారు. మామూలు యాప్ అయితే కొన్నవాళ్లు ఏం చేసినా మనం చూస్తూ ఊరుకోవాల్సిందే.

తెలుగులో రాయడానికి: హెలీబోర్డ్

మనం కొట్టే ప్రతి అక్షరం, పాస్‌వర్డుతో సహా, కీబోర్డు గుండానే పోతుంది. హెలీబోర్డ్‌కు ఇంటర్నెట్ అనుమతే లేదు కాబట్టి మనం రాసింది తనంతట తాను బయటికి పంపలేదు. తెలుగుతో పాటు కన్నడం, తమిళం, మరాఠీ కూడా పెట్టుకుని ఒకదాని నుంచి ఇంకోదానికి మారవచ్చు.

ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే అలవాటున్నవాళ్లకు మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఒత్తులకు ఒక చిన్న కిటుకు: ‘అక్క’ రాయాలంటే అ, క, పొల్లు (్), మళ్లీ క.

అమ్మమ్మ మాట దాచుకోవడానికి: ఫాసిఫై వాయిస్ రికార్డర్

మన పెద్దవాళ్ల తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉండదు. పక్కభాష మాటలు కలిసిన ఆ యాస, పచ్చడి పెట్టే పద్ధతి, జోలపాట, పేరంటాల పాట వాళ్లతోనే పోకుండా చూసుకోవాలి. ఈ యాప్‌లో ఒక మీట నొక్కితే చాలు. రికార్డింగు మన ఫోనులోనే ఉంటుంది. ఫోను పోతే అదీ పోతుంది కాబట్టి పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ తప్పక పెట్టుకోండి.

పిల్లలకు అక్షరాలు: ఆంకీడ్రాయిడ్

తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. తక్కిన చోట్ల కూడా చాలామంది మన పిల్లలకు తెలుగు రాయడం ఇంట్లో నేర్పితేనే వస్తుంది. ఆంకీడ్రాయిడ్‌లో మనమే కార్డులు తయారు చేసుకోవచ్చు. ముందువైపు ‘ళ’, వెనకవైపు ‘తాళం’, దానికి అమ్మమ్మ గొంతు. పిల్లవాడు తడబడిన కార్డు త్వరగా మళ్లీ వస్తుంది, వచ్చేసింది ఎక్కువ రోజుల తర్వాత వస్తుంది. రోజుకు 10 నిమిషాలు కూర్చోబెట్టినా చాలు.

ఊరి దారికి: ఆర్గానిక్ మ్యాప్స్

మ్యాపు ఒకసారి దింపుకుంటే తర్వాత నెట్ లేకుండానే దారి చూపిస్తుంది. సరిహద్దు దాటి ఇలవేల్పు గుడికో, బంధువుల ఊరికో వెళ్లేటప్పుడు సిగ్నల్ లేకపోయినా ఇబ్బంది ఉండదు. ఇది 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఆధారపడింది. జనమే కలిసి గీస్తున్న పటం అది. అందులో ఊరి పేరును ఎన్ని భాషల్లోనైనా చేర్చవచ్చు, తెలుగులో కూడా. లోటు ఏమిటంటే కొత్త దుకాణాలు కొన్ని కనబడవు, రోడ్డు మీద రద్దీ తెలియదు.

ఎక్కడ దొరుకుతాయి?

ఆంకీడ్రాయిడ్, ఆర్గానిక్ మ్యాప్స్ ప్లే స్టోర్‌లోనే ఉన్నాయి. మిగతావి 2010 నుంచి నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్‌లో తీసుకోవచ్చు. అది ఓపెన్ సోర్స్ యాప్‌ల కోసమే ఉన్న ఉచిత స్టోరు, ఆండ్రాయిడ్ ఫోన్లకు మాత్రమే. బ్రౌజర్‌లో దాని సొంత సైటుకు వెళ్లి దింపుకోవాలి. అప్పుడు ఫోను ‘తెలియని యాప్‌లు’ అంటూ అనుమతి అడుగుతుంది. పని అయ్యాక బ్రౌజర్‌కు ఇచ్చిన ఆ అనుమతిని మళ్లీ తీసేయండి.

రెండు జాగ్రత్తలు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును, అది పెళ్లి శుభలేఖ అన్నా, బ్యాంకు కేవైసీ అన్నా, తెరవవద్దు. బ్యాంకు, యూపీఐ యాప్‌లను ఎప్పటిలాగే ప్లే స్టోర్ నుంచే తీసుకోండి.

అన్నీ ఒకేరోజు మార్చాల్సిన పనిలేదు. ముందు రికార్డర్‌తో మొదలుపెట్టమని మా సలహా. కీబోర్డు, మ్యాపు వచ్చే నెలలో అయినా నేర్చుకోవచ్చు. ఇంట్లో పెద్దావిడ ఓపికగా మాట్లాడగలిగిన రోజునే ఆమె మాట దాచుకోవాలి.