అపరాల మచ్చు ఫొటో: వెలుతురు తప్పితే బేరం తప్పినట్లే

పూర్వం అపరాల బేరం మచ్చును దోసిట్లో పోసి చూస్తేనే కుదిరేది. నేడు మచ్చు కంటె ముందుగా దాని ఫొటో దూరపు కొనుగోలుదారుకు చేరుతున్నది. 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ-నామ్‌ ద్వారా యార్డుకు రాకుండానే ధర కోట్ చేసే వీలు కలిగింది. అయితే ఫొటోలో ఒక రంగు, లారీ దిగిన సరుకులో మరొక రంగు కనిపిస్తే పేచీ తప్పదు. ధర తగ్గించినా, సరుకు తిప్పిపంపినా నష్టం అమ్మకందారుదే.

మచ్చును పలు బస్తాల పై, మధ్య, అడుగు భాగాల నుంచి తీసి కలపాలి. తాలు, పుచ్చు గింజలను ఏరివేయరాదు. మెరుపులేని బూడిదరంగు అట్టపై గింజలను ఒకే వరుస మందాన పరచి, పక్కన స్కేలు వుంచాలి. అట్ట తెల్లనిదైతే గింజలు నల్లబడతాయి. మినుములే ఫ్రేమంతా నిండితే కెమెరా వాటిని వెలిసిపోయినట్లు చూపుతుంది. బూడిదరంగు అట్ట ఈ రెండింటికీ విరుగుడు.

నేరుటెండ పనికిరాదు, పెసల నిగనిగ తెల్లమచ్చలుగా పడుతుంది. నీడపట్టు కిటికీకి ట్రేసింగ్ కాగితం కట్టి, ఎదురువైపు తెల్ల అట్ట నిలబెడితే చాలు. గదిలో దీపాలు ఆర్పివేయాలి. పసుపు బల్బు వెలుతురు కలిస్తే కొత్త పెసలు సైతం పాతసరుకులా కనిపిస్తాయి. కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను ఆ బూడిద అట్టతోనే సరిచేసుకోవాలి.

పుచ్చు రంధ్రం చూపాలంటే దగ్గరి ఫొటో అవసరం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో గింజను అసలు సైజులో తీసినపుడు, ఎఫ్/11 వద్ద కూడ స్పష్టంగా వచ్చే మందం సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. కనుక స్టాండు, టైమరు వాడి ఫోకస్‌ను రంధ్రంపైనే నిలపాలి. ఎఫ్/22కు పోతే చిత్రమంతా మెత్తబడుతుంది. సెల్‌ఫోన్‌ను గింజలకు ఆనించినట్లు పెడితే నీడ పడుతుంది. జానెడు వెనుకకు జరిపి రెండు రెట్లు జూమ్ చేయడం మేలు. పరచిన మచ్చు మొత్తం కనిపించే ఫొటో ఒకటి, దగ్గరిది ఒకటి కలిపి పంపాలి.

కాగా ఫొటో తేమను చూపదు. మద్దతు ధర కొనుగోళ్లలో అపరాలకు తేమ 12 శాతం మించరాదన్నది సాధారణ నిబంధన. అది మీటరుతో తేలవలసినదే. ఫొటో తీసిన మచ్చునే సంచిలో సీలు వేసి, బేరం పూర్తయ్యేవరకు భద్రపరచడం ఉభయులకూ క్షేమం.