మీకు తెలుసా? ఊట వేరు, గండి వేరు

సాగర్ కుడి కాలువ గట్టు మీద తిరిగే లష్కర్‌ను అడిగి చూడండి. గట్టు పక్క నేల కాస్త చెమ్మగిల్లితే అతను కంగారు పడడు, ఓ కన్నేసి ఉంచుతాడంతే. ఊటలో మట్టి కొట్టుకొస్తుంటే ఇసుక బస్తాలు వేయిస్తాడు. గండి పడిందా, ఎగువన షట్టర్లు దించాల్సిందే. మూడుసార్లూ కారింది నీళ్లే. మనం ఎంత తంటాలు పడ్డామన్నదే తేడా.

క్లోమం ఆపరేషన్ తర్వాత వచ్చే లీకుకు డాక్టర్లు గ్రేడు వేసేదీ ఈ లెక్కనే.

క్లోమం రోజుకు లీటరు పైచిలుకు జీర్ణరసం ఊరుస్తుంది. కణితి ఉన్న భాగం తీసేసి, మిగిలిన ముక్కను పేగుకు కుడితే, ఆ కుట్ల సందుల్లోంచి రసం బయటికి కారవచ్చు. మాంసాన్ని అరిగించే రసమది, పక్కనున్న రక్తనాళాన్ని మాత్రం వదులుతుందా? 1930లలో న్యూయార్క్ సర్జన్ ఆలెన్ విపుల్ తొలి రోగిని ఇలాంటి లీకుతోనే పోగొట్టుకున్నాడు. ఆయన కుట్టింది జంతువుల పేగుతో చేసిన దారంతో. క్లోమరసం ఆ దారాన్నే అరిగించేసింది! తర్వాత ఆయన పట్టుదారానికి మారాడు. ఆ ఆపరేషన్‌ను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇంకో వింత. జబ్బుతో గట్టిపడిన క్లోమంలో కుట్లు బాగా నిలుస్తాయి. ఆరోగ్యంగా, వెన్నముద్దలా ఉన్న క్లోమమే దారానికి తెగి లీకవుతుంది.

అసలు లీకంటే ఏమిటి? దీని మీద సర్జన్లకే చాలాకాలం ఏకాభిప్రాయం లేదు. ఇటలీలోని వెరోనాలో క్లౌడియో బస్సీ బృందం వెతికితే 26 నిర్వచనాలు తేలాయి. వాటిని నాలుగుగా కుదించి, తాము ఆపరేషన్ చేసిన 242 మందికే ఒక్కొక్కటీ వర్తింపజేసి చూశారు. ఒక లెక్కలో లీకు సుమారు 10 శాతం, ఇంకో లెక్కలో 28 శాతం దాటింది! రోగులు వాళ్లే, కత్తి పట్టిన చేతులూ అవే. ‘మా ఆసుపత్రిలో లీకులు తక్కువ’ అని ఎవరన్నా చెబితే ముందు ఏ కొలబద్దతో కొలిచారో అడగాలన్నమాట.

2005లో 15 దేశాల సర్జన్లు 37 మంది కలిసి ఒక మాట మీదికి వచ్చారు. ఆపరేషనైన మూడో రోజు గానీ ఆ తర్వాత గానీ పొట్టలో ఉంచిన డ్రెయిన్ పైపులోంచి వచ్చే ద్రవంలో అమైలేజ్ అనే క్లోమరసపు ఎంజైము, రక్తంలో ఉండదగిన గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితే లీకే. ల్యాబు పరిమితి 100 అనుకుంటే, 300 దాటాలి. ద్రవం ఎంత వచ్చిందన్నది లెక్కలోకి రాదు. (అన్నం ముద్ద చాలాసేపు నమిలితే తియ్యబడుతుంది చూశారా, అది లాలాజలంలోని అమైలేజ్ పనే.)

దీనికి ఏ, బీ, సీ అని మూడు గ్రేడులు పెట్టారు. 2016లో ఏ గ్రేడును లీకుల జాబితా నుంచే తీసేశారు. అమైలేజ్ పెరిగినా రోగికి ఏ ఇబ్బందీ లేకపోతే అది ల్యాబు కాగితం మీది లీకు మాత్రమే, మన గట్టు చెమ్మలాగా. పైపు మూడు వారాలు దాటాక కూడా ఉంచాల్సి వచ్చినా, చీము చేరినా, సూదితోనో ఎండోస్కోపీతోనో ద్రవాన్ని తీయాల్సి వచ్చినా బీ. మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చినా, లీకు మూలంగా కిడ్నీల్లాంటి అవయవాలు దెబ్బతిన్నా, ప్రాణం పోయినా సీ.

మాచర్ల నుంచో గురజాల నుంచో వెళ్లి గుంటూరులోనో హైదరాబాదులోనో వార్డు బయట కూర్చున్న బంధువులు మూడో రోజే ‘ఏ గ్రేడండీ?’ అని అడిగితే డాక్టరు నీళ్లు నమలడం అందుకే. గ్రేడు తేలేది చివర్లో. మరే చిక్కూ లేని రోగికి ఇరవయ్యో రోజున పైపు తీసేస్తే ఒక లెక్క, నాలుగో వారంలోనూ అది ఉండిపోతే ఇంకో లెక్క.