మోటారు బండి ఒక ప్రక్కకు లాగుచున్నదా?

కృష్ణా తూర్పు డెల్టాలో పామర్రు ముఖ్యమైన కూడలి. పుణె నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్టణము పోవు 65వ నెంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా సాగును. 2010 వరకు దీనిని 9వ నెంబరు రహదారి యనెడివారు. గుడివాడ, కైకలూరు, భీమవరముల వైపు పోవు 165వ నెంబరు రహదారి ఇచ్చటనే మొదలగును. ఈ పెద్ద రోడ్ల నుండి లోపలి గ్రామములకు పోవు దారులలో అనేకము కాలువ గట్లపై నున్నవి. వానికి ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క పల్లపు పొలము.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. ఒక ప్రక్కకు లాగు బండిని నడపువాడు రెండు సెకనులు దృష్టి మరల్చినచో, 34 మీటర్ల దూరము ఆ బండి తన ఇష్టము వచ్చినట్లు పోవును. గట్టు రోడ్డుపై అంతటి అవకాశము లేదు. కావున ఈ దోషమును చిన్నదిగా నెంచరాదు. పంచాయతీకి చెందిన ట్రాక్టరు, చెత్త సేకరించు ఆటో, సభ్యుల సొంత కారు – అన్నింటికిని ఇది వర్తించును.

రోడ్డు దోషమా? బండి దోషమా?

మొదట తేల్చుకొనవలసినది ఇదియే. వర్షపు నీరు నిలువకుండుటకై రోడ్డును నడుమ ఎత్తుగాను, అంచులు పల్లముగాను వేయుదురు. 7 మీటర్ల వెడల్పు గల తారు రోడ్డుకు నూటికి 2 వంతుల వాలు ఇచ్చినచో, నడుమ భాగము అంచు కంటె 7 సెంటీమీటర్లు ఎత్తుగా నుండును. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కన నడుచును గనుక, ఆ వాలు వెంట ఏ బండియైనను కొంచెము ఎడమకు జరుగుట సహజము. బండి కుడికి లాగినచో ఆ నెపము రోడ్డు వాలుపై వేయుటకు వీలులేదు.

గ్రామములోని సన్నని రోడ్డుపై బండి నడిమి భాగముననే పోవును. అచ్చట రెండు వైపుల వాలును ఒకదాని నొకటి సరిపెట్టును. అట్టి చోట కూడ బండి ప్రక్కకు లాగుచున్నచో దోషము బండిలోనిదే యని తలపవచ్చును. ఈ పరీక్షను జనసంచారము లేని, తిన్నని, సమతలమైన చోట నెమ్మదిగా చేయవలెను. చేతిపట్టు సడలించినను, చేయి స్టీరింగు చెంతనే యుండవలెను. గట్టు రోడ్డుపై ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు.

టైర్లు

ఖర్చు లేని పరీక్ష గాలి చూచుట. ఉదయము బండి కదలకముందు, టైర్లు చల్లగా నున్నప్పుడు చూడవలెను. గాలి తక్కువైన ముందు టైరు వైపునకు బండి లాగును. గాలి సరిగా నున్నను లాగుచున్నచో, ముందు టైర్లు రెండింటిని ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి నడిపి చూడవలెను. లాగుడు దిశ మారినచో దోషము టైరుదే. తిరుగవలసిన దిశను బాణపు గుర్తుతో చూపు టైర్లకు మాత్రము ఈ మార్పిడి తగదు.

బ్రేకులు

కొంత దూరము నడిపిన పిమ్మట చక్రముల చెంతకు అరచేయి తీసికొనిపోయి వేడిని గమనింపవలెను, చక్రమును తాకరాదు. ఒక చక్రము మాత్రమే మిక్కిలి వేడిగా నున్నచో, అచ్చట బ్రేకు వదలక పట్టుకొని యున్నదని అనుమానింపవలెను. బండి ఆ వైపునకే లాగును. నీటిలోను, బురదలోను తిరుగు బండ్లకు భాగములు త్రుప్పుపట్టుటచే ఇట్లు జరుగుట కలదు.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే బండి ఎడమకు లాగినచో, ఎడమ చక్రమునే నిందింపరాదు. కుడి బ్రేకు సరిగా పట్టకపోవుటచే ఎడమ బ్రేకు ముందుగా పట్టియుండవచ్చును. రెండింటిని విప్పించి చూడవలెను.

ట్రాక్టరు విషయమున మరియొక జాగ్రత్త గలదు. పొలములో చప్పున మలుపు తిరుగుటకై దానికి ఎడమ, కుడి చక్రములకు వేరువేరు బ్రేకు పెడల్సు ఉండును. రోడ్డెక్కునప్పుడు ఆ రెండింటిని గొళ్ళెముతో కలుపవలెను. ఇది మరచి ఒక పెడల్ మాత్రమే నొక్కినచో ట్రాక్టరు ఆ వైపునకు తిరిగిపోవును.

ముందు చక్రముల అమరిక

స్టీరింగు నడుమకు ఉన్నప్పుడు బండి తిన్నగా పోకున్నను, టైరు ఒక అంచున మాత్రమే అరిగినను చక్రముల అమరిక చెదరినదని యనుమానింపవలెను. గుంతలలో గట్టిగా పడిన బండ్లకు ఇది తరచుగా సంభవించును. అయితే అలైన్‌మెంటు చేయించుటకు ముందు టై రాడ్లు, బాల్ జాయింట్లు, బుష్షులు, కమాన్లు చూపింపవలెను. వదులైన కీళ్ళపై చేసిన అలైన్‌మెంటు నిలువదు. పంచాయతీ సొమ్ము వ్యర్థమగును.

పంచాయతీ చేయదగినది

1994 పంచాయతీరాజ్ చట్టము ననుసరించి గ్రామములోని రోడ్ల బాగోగులు పంచాయతీ బాధ్యత. డెల్టాలోని నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంగి బీటలు వారును. అందుచే రోడ్డు అంచు క్రుంగి, వాలు అధికమగును. వర్షములు వెలిసిన పిమ్మట సభ్యులు గట్టు రోడ్లను స్వయముగా నడచి చూచి, క్రుంగిన అంచులను పూడ్పింపవలెను. తమ పరిధిలో లేని రోడ్లను గూర్చి సంబంధిత శాఖకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

పంచాయతీ బండ్లకు ఒక పుస్తకము పెట్టి, టైర్లలో గాలి చూచిన తేదీ, డ్రైవరు చెప్పిన లోపము, చేయించిన మరమ్మతు అందు వ్రాయించుట మంచిది. "బండి కొంచెము లాగుచున్నది" అని డ్రైవరు చెప్పిన దినముననే ఆ మాట వినవలెను. గాలి పట్టించుటతో సరిపోవు లోపమును కాలువలో పడినదాక ఉపేక్షించుట తగదు.